తుమ్మల చేనిలో చీనీ చెట్లు

మా తమ్ముడు చీనీ తోట, అంటే బత్తాయి తోట, పెట్టాలని తీర్మానించుకున్న ఏడు, దాన్ని ఏ చేనిలో పెట్టాలో చెప్పే పని నా మీద పడింది. పడింది అంటున్నాను గానీ, నిజానికి నేనే ఎగబడి నెత్తిన వేసుకున్నాను. మా ఇంట్లో వృక్షశాస్త్రం చదివింది నేనొక్కదాన్నే. పైగా అప్పటికి నాలుగేళ్ళుగా నా ఉద్యోగం కూడా అదే. ఏ నేలలో ఏ మొక్క పెరుగుతోందో తిరిగి చూసి రాయాలి. సొంత తమ్ముడు తోట పెడుతుంటే నోరు మూసుకుని కూర్చునే స్వభావం నాది కాదు.

వాడు అప్పుడే బెంగళూరు నుంచి తిరిగి వచ్చాడు. అక్కడ పదేళ్ళు ఎవరిదో కారు నడిపాడు. ఇక చాలు, ఊళ్ళోనే బతుకుతాను అని భార్యనూ బిడ్డనూ వెంటబెట్టుకుని వచ్చేశాడు. బోరులో నీళ్ళు పడ్డాయి. తోట నిలబడితే ఊళ్ళో ఉంటాడు, నిలబడకపోతే మళ్ళీ స్టీరింగు పట్టుకోవడానికి పోవాల్సిందే. ఈ సంగతి వాడు ఎవరితోనూ అనలేదు. అనకపోయినా ఇంట్లో అందరికీ తెలుసు.

మా ఊరు నల్లమాడ దగ్గర బస్సు దిగి ఇంకా చాలా దూరం లోపలికి పోవాలి. మాకు రెండు చేలున్నాయి. గుట్ట వాలులో ఉన్నది గరుసు చేను. అంతా ఎర్ర మట్టి, అందులో సగం చిన్న చిన్న రాళ్ళు. చెప్పులు లేకుండా నడిచినవాళ్ళు ఆ చేనిని జన్మలో మరిచిపోరు. రెండోది కింద, వంక పక్కన ఉంది. అందులో పదకొండు నల్లతుమ్మ చెట్లు ఉండేవి కాబట్టి దాన్ని తుమ్మల చేను అనేవాళ్ళం. ఎండ ముదిరిన పగటిపూట మా నాయన గొర్రెలు ఆ చెట్ల నీడనే పడుకునేవి. నాయన కూడా కండువా పరుచుకుని వాటి పక్కనే పడుకునేవాడు. చిన్నప్పటి నుంచీ హాస్టళ్ళలో చదివినదాన్ని కాబట్టి ఆ చెట్లు ఎప్పుడు, ఎట్లా మొలిచాయో నేను ఎరగను.

నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన ఘనకార్యం అర్థం కాదు. మా వంక చిన్నది. వానాకాలంలో నాలుగు రోజులు పారి, చిత్రావతిలో కలిసి, మిగతా ఏడాదంతా ఇసుకై పడుకునే రకం. ఆ వంకలోకి నీళ్ళు ఎక్కడెక్కడి నుంచి దిగుతాయో ఆ మేరంతా, గుట్ట మీది బండ దగ్గర నుంచి ఏటి ఇసుక దాకా, తాడుతో చదరాలు చదరాలుగా కొలిచి, ఒక్కో చదరంలో ఏ మొక్కలు ఉన్నాయో, మట్టి ఏ రంగో, ఎంత గరుకో పుస్తకంలో రాసుకోవాలి. నన్ను పనిలో పెట్టుకున్న చిన్న సంస్థ ఇచ్చింది ఒక తాడు, ఒక టేపు, అట్ట వేసిన పుస్తకాలు నాలుగు. తాడు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. ఆ మనిషి మా నాయన.

ఎటూ ఆయన గొర్రెలు మేసేది ఆ వాలులోనే. వాటిని వదిలేసి వచ్చి తాడు కొస మీద కాలు పెట్టి నిలబడేవాడు. నేను వంగి ఒక్కో మొక్కా చూసి, ఆకు తుంచి, పేరు రాసుకునేలోపల ఆయనకు విసుగొచ్చేది.

"ఏమ్మా, ఆ ఒక్క వెంపలి చెట్టును ఎంతసేపు చూస్తావు? అదేమన్నా నీకు కాబోయే మొగుడా?"

"వెంపలి ఈడ ఎందుకుండాదో రాయాల నాయనా."

"ఈడ ఉండక యాడికి పోతాది? గరుసు నేల దానిది."

నేను ఆరు నెలలు కొలిచి కనుక్కున్న సంగతిని ఆయన అట్లా నిలబడే చెప్పేసేవాడు. గుట్ట నెత్తిన బండల సందుల్లో మట్టి పిడికెడే ఉంటుంది, అక్కడ బందారు పొదలు, కలే కాయల ముళ్ళ కంపలు, బోద గడ్డి. కొంచెం దిగితే గరుసు నేల, అక్కడ పచ్చగా పూసే తంగేడు, వెంపలి, రేగు. ఇంకా దిగితే ఇసుక కలిసిన ఎర్ర చేలు, చెనిక్కాయ, అదే వేరుశనగ, పండేవి, గట్ల మీద వేపలు. వంక దగ్గరికి వచ్చేసరికి కొన్నిచోట్ల చౌడు. ఎండకు తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది, అక్కడ పొట్టి గడ్డి తప్ప మరేదీ రాదు. వంక ఒడ్డున కానుగలు, ఈత చెట్లు, తేమ నిలిచే చోట తుంగ. ఏటి ఇసుకలో జిల్లేడు, వావిలి. పది నిమిషాల నడకలో ఒక్కో నేలా మారిపోతుంది, దాని మీది పచ్చదనం కూడా దాంతోపాటు మారిపోతుంది. ఈ సంగతి నేను మూడు పుస్తకాల నిండా రాశాను. నాయన దాన్ని గొర్రెల నోటిని బట్టి చెప్పేవాడు. "ఈడ్నుంచి గొర్రెలు తల ఎత్తి మేస్తాయి చూడు," అనేవాడు, నిజంగానే అక్కడి నుంచి పొదలు మొదలయ్యేవి.

అంత తెలిసిన మనిషి పక్కన నిలబడి ఉండగానే నేను ఆ తప్పు చేశాను.

తుమ్మల చేను నా పుస్తకంలో ముందునుంచీ ఒక చిక్కుముడి. చుట్టూ ఎర్ర నేల మొక్కలుంటే, మధ్యలో ఆ చెక్క మాత్రం వేరే ఊరి నుంచి ఎత్తుకొచ్చి పెట్టినట్టు ఉండేది. ఈ పనికి రాకముందు నేను రెండేళ్ళు విడపనకల్లు వైపు పని చేశాను. అది నల్లరేగడి నేల. ఎండకు కాలు పట్టేంత పగుళ్ళు విడుస్తుంది, వానకు చెప్పుల కింద అట్టలు కడుతుంది. అక్కడ గట్ల వెంట, వంకల వెంట ఎటు చూసినా నల్లతుమ్మలే. కాబట్టి నల్లతుమ్మ కనిపిస్తే కింద లోతైన బరువు నేల ఉన్నట్టే అని నా బుర్రలో ముద్ర పడిపోయింది. మా చేనిలో పైమట్టి కూడా చుట్టుపక్కల మట్టి కంటే నల్లగా, మెత్తగా ఉండేది. వంక ఏనాడో దారి మార్చుకుని అక్కడ ఒండ్రు వదిలిపోయి ఉంటుందని తేల్చేసి, పుస్తకంలో రెండు పేజీలు రాశాను. రాసి మురిసిపోయాను కూడా.

మట్టి పరీక్షకు పంపించాను. పైరుకు ఎట్లా తీస్తారో అట్లాగే జానెడు లోతులో, నాలుగైదు చోట్ల మట్టి తీసి కలిపి పంపాను. చెట్లకు అయితే మనిషి నడుము లోతు దాకా పొరపొరకూ తీసి చూడాలి. అది నాకు తెలియనిది కాదు, నేను ఇతరులకు చెప్పే మాటే. కానీ నా రెండు పేజీల మీద నాకు అంత నమ్మకం. పరీక్షలో మట్టి సారవంతంగా ఉందని వచ్చింది. ఇంకేముంది.

తమ్ముడు, నేను, నాయన ముగ్గురం ఆ పొద్దు తుమ్మల చేనిలో నిలబడ్డాం. గుంతలు తీసే ట్రాక్టరు అతను కూడా వచ్చి బీడీ కాలుస్తూ ఎదురు చూస్తున్నాడు.

"ఈడ పెట్టు," అన్నాను తమ్ముడితో.

నాయన ఒక తుమ్మ చెట్టును ఆనుకుని ఉన్నాడు. "ఆడనా?" అన్నాడు.

"ఏం, ఆడ పెడితే ఏమైతాది?"

"ఏం లేదు. పైన గరుసు చేను ఉండాది కదా అని."

"ఆ రాళ్ళలోనా? గొర్రెలు మేపేది వేరు నాయనా, తోట పెట్టేది వేరు. తెలీని దాంట్లో నువ్వు అడ్డం రావద్దు."

ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఎట్లా ఉందో ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. ట్రాక్టరు అతను తల తిప్పుకుని బీడీ పారేశాడు. తమ్ముడు నా మొహమే చూస్తున్నాడు. నాయన "అట్లనే లేమ్మా," అన్నాడు.

మరుసటి రోజు ఆ పదకొండు చెట్లనూ ఆయనే కొట్టాడు. కూలికి ఎవరినన్నా పిలుద్దామంటే వద్దన్నాడు. ఒక్కో చెట్టు కొట్టి, కొమ్మలు నరికి, ముళ్ళ కంపను ఒక పక్కకూ కట్టెను ఒక పక్కకూ చేర్చాడు. రెండు రోజులు పట్టింది. నేను మొదళ్ళ చుట్టుకొలత టేపుతో తీసుకుని, వయసు సుమారు ఎనిమిదేళ్ళు ఉండవచ్చునని పుస్తకంలో రాసుకున్నాను. ఎత్తు తక్కువ అని కూడా రాశాను. ఎందుకు తక్కువో ఆలోచించలేదు. గొర్రెలు ఆ మధ్యాహ్నం అలవాటుగా చేనిలోకి వచ్చి, నీడ కోసం తిరిగి తిరిగి, చివరికి కంప కుప్ప పక్కన ఉన్న కాస్త నీడలో ఒకదాని మీద ఒకటి పడి నిలబడ్డాయి.

గుంతలు తీసే రోజు నేను పని మీద పుట్టపర్తిలో ఉన్నాను. తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, అడుగున్నర దిగితే తెల్ల మన్ను వస్తాంది. ట్రాక్టరాయప్ప సుద్ద అంటాండాడు."

"కొంచెం సున్నం ఉంటే మంచిదే లేరా. గుంత నిండా పైమట్టీ ఎరువూ వేయి, సరిపోతాది."

అంత సులువుగా చెప్పేశాను. బస్సెక్కి వచ్చి ఒక్క గుంతలోకి తొంగి చూసి ఉంటే ఈ కథే లేదు. సమావేశం ఉందని రాలేదు. ఆ సమావేశంలో ఏం మాట్లాడుకున్నామో ఒక్క ముక్క గుర్తు లేదు.

మొదటి రెండేళ్ళు చెట్లు కళకళలాడాయి. తమ్ముడు ఒక్కో చెట్టుకూ పాదు చేసి, పైపుల్లో నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయో లేదో పొద్దున్నే తిరిగి చూసుకునేవాడు. ఏ చెట్టు ఎప్పుడు చిగురేసిందో వాడికి కంఠతా ఉండేది. నేను పని నుంచి ఇంటికి వచ్చినప్పుడల్లా చేయి పట్టుకుని లాక్కుపోయి చూపించేవాడు. బిడ్డను ఊళ్ళో బడిలో వేశాడు. బెంగళూరులో ఉన్న బీరువాను కూడా లారీలో తెప్పించుకున్నాడు. అమ్మ ఆ బీరువాను చూసి, వీడు ఇంక పోడు అని మూడు రోజులు ఇరుగుపొరుగుకు చెప్పుకుంది.

మూడో ఏడు ఆకులు పాలిపోవడం మొదలైంది. ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య ఆకంతా పసుపు. తరువాత కొమ్మలు పైనుంచి కిందికి ఎండుతూ వచ్చాయి. తమ్ముడు ఊళ్ళో చెప్పిన మందులన్నీ కొట్టాడు, నేను చెప్పినవీ కొట్టాడు. కొట్టిన వారం కొంచెం తేరుకున్నట్టు కనిపించేవి, మళ్ళీ పసుపు. వాడు నన్ను తోటలోకి చేయి పట్టి లాక్కుపోవడం మానేశాడు. బెంగళూరులో తన పాత యజమానికి ఫోన్ చేశాడని వాడి భార్య నాతో వంటింట్లో మెల్లగా చెప్పింది. చేతిలో ఉన్న సంగటి ముద్దను తిరిగి తట్టలో పెట్టి లేచాను.

ఆ సాయంత్రమే గడ్డపార, చలగపార తీసుకుని ఒక్కదాన్నే తోటలోకి పోయాను. అన్నింటికంటే ఎక్కువ ఎండిన చెట్టు పక్కన తవ్వాను. పైన అడుగున్నర నల్లటి మట్టి, మెత్తగా దిగింది. ఆ తరువాత గడ్డపార ఠంగుమంది. తెల్లటి పొర, సున్నపు గోడంత గట్టిది. చీనీ వేరు గుంత అడుగు దాకా బాగానే దిగింది. అక్కడ ఆ పొరకు తగిలి, దిగలేక పక్కకు తిరిగి, గుంతలోనే గుండ్రంగా చుట్టుకుంది. ఆ వేరును చేత్తో పట్టుకుని కూర్చున్నాను. సిగ్గు అనే మాట చిన్నది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

గొర్రెలను తోలుకుని ఆ దారినే వస్తున్న నాయన నన్ను చూసి గట్టు దిగి వచ్చాడు. గుంతలోకి చూశాడు. ఏమీ ఆశ్చర్యపోలేదు. ఆ మొహం చూడగానే నాకు అర్థమైంది.

"నీకు తెలుసు కదా నాయనా. ఈడ సుద్ద ఉండాదని నీకు ముందే తెలుసు."

"తెలుసు మ్మా."

"మరి ఆ తుమ్మ చెట్లు ఎట్లొచ్చె ఈడికి? అవి రేగడి నేలవి గదా?"

నాయన గట్టు మీద కూర్చున్నాడు. చెప్పడానికి ఏముందన్నట్టు చెప్పాడు.

"ఎండాకాలం ఈ పక్క మేత యాడుంటాది? శివరాత్రి అయినాక గొర్రెల్ని తోలుకోని పడమటికి పోతాంటిమి, విడపనకల్లు అవతల దాకా. రేగడి చేలల్లో పంట తీసేసింటారు. మా చేన్లో మంద పెట్టప్పా, మా చేన్లో మంద పెట్టప్పా అని రైతులు పిలుస్తాండ్రి, ఎరువు కోసరం. ఆడ గట్ల మీద తుమ్మకాయలు రాలుతాంటాయి. గొర్రెలకు ఆ కాయలంటే పానం. తొలకరి పడుతూనే ఇంటి మొగం తిరుక్కోని వస్తాంటిమి. వచ్చినాక మంద ఈడే పెడ్తాంటి. కడుపులో వచ్చిన గింజలు పెంటికలతో ఈడ పడె, ఈడ మొలిచె. అంతే."

"ఈ చేన్లోనే ఎందుకు పెడ్తాంటివి?"

"ఇంగ దేనికీ పనికి రాదని. మా నాయన కంది వేసి చూసె, చెనిక్కాయ వేసి చూసె. జానెడు మన్ను కింద సుద్ద. తంగేడు గూడా సరిగా రాదు ఈడ. పండే చేన్లో ఎవరన్నా ఏళ్ళ తరబడి మంద పెట్టుకుంటారా?"

నా పుస్తకంలోని ఆ రెండు పేజీలు నా కళ్ళ ముందు తిరిగాయి. వంక దారి మార్చుకోలేదు, ఒండ్రూ రాలేదు. ఆ నల్ల మట్టి ముప్పై ఏళ్ళ గొర్రె పెంటికలు. నేను రేగడి నేల చెట్లని రాసుకున్నవి మా గొర్రెల కడుపులో పడి ఊరికి చేరిన చెట్లు. ఉమ్మెత్త, ఉత్తరేణి, ముళ్ళ తోటకూర ఆ చేనిలో విపరీతంగా ఉన్నాయని కూడా రాశాను. దొడ్ల దగ్గర, పేడ దిబ్బల దగ్గర మొలిచే మొక్కలవి. ఏ ఊళ్ళో ఏ పిల్లను అడిగినా చెబుతుంది. గొర్రెల కాపరి కూతుర్ని అయివుండి, గొర్రెల మందను నేల అనుకున్నాను. విడపనకల్లులో నేను టేపు పట్టుకుని కొలిచిన తుమ్మల కాయలు తిని మా గొర్రెలు పెరిగాయి, ఆ గొర్రెల మీదే నా చదువు సాగింది.

"నేను ఎనిమిదేండ్ల చెట్లని రాసుకున్న్యా," అన్నాను.

"పెద్దది నువ్వు పుట్టిన ఏడు మొలిచిండె," అన్నాడు నాయన. "సుద్ద మీద యాడ పెరుగుతాది పాపం. అట్లే గిడసబారి ఉండిపాయ."

నాకు అప్పుడు కోపం వచ్చింది. నా మీద వచ్చిన కోపం చాలక ఆయన మీదికి మళ్ళింది.

"మరి ఆ పొద్దే ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్తిని గదా. ఆడనా అంటిని."

"అదొక చెప్పడమా నాయనా! గట్టిగా ఒక్క మాట అనుంటే ఏం పోయుండె? వాడివి మూడేండ్లు పాయ!"

నాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. గొర్రెలు చీనీ ఆకులకు మూతి పెడుతుంటే ఒకసారి అదిలించాడు. తరువాత నా వైపు చూడకుండానే చెప్పాడు.

"ఆ పొద్దు నీ తమ్ముడు నీ మొగం చూస్తాండె, నా మొగం చూడల్యా. మా పాప నేలను చూసి చెప్తాదని ఊర్లో కనపడినోనికంతా నేనే చెప్పుకోనుంటి. ఆ ట్రాక్టరోని ముందర నీ మాట కొట్టేస్తే, ఇంగ వాడు యాపొద్దూ నీ మాట ఇనడు అనుకుంటి. చెట్లు పోతే ఇంగోసారి పెట్టుకోవచ్చు అనుకుంటి."

కండువా భుజాన వేసుకుని, "తప్పే మ్మా. వాని మూడేండ్లు నేను లెక్క చేయకపోతిని," అన్నాడు.

ఆయన మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నా మాట నిలబెట్టడానికి పదకొండు చెట్లను తన చేత్తో కొట్టుకున్న మనిషి మీద కోపం పెట్టుకోవడం ఎంత కష్టమో కూడా నాకే తెలుసు. రెండూ ఉన్నాయి, రెండింటినీ మోస్తున్నాను.

పొద్దున్నే తమ్ముడి దగ్గరికి పోయాను. వాడు వాకిట్లో పైపులు చుట్టుకుంటున్నాడు. బేరం చెప్పి అమ్మేయడానికని నాకు చెప్పకుండానే తెలిసిపోయింది. ఉన్నదంతా చెప్పాను. జానెడు లోతు మట్టి పంపిన సంగతి, తుమ్మలు వచ్చిన తీరు, అన్నీ. నాయన చేసిన పని కూడా చెప్పాను. దాచి పెట్టే ఓపిక నాకు లేకపోయింది.

వాడు పైపు చుట్టడం ఆపాడు.

"నేను ఫోన్ జేసి సుద్ద అంటే, సున్నం మంచిదే అంటివే!" అని అరిచాడు. వాడి భార్య లోపలి నుంచి బయటికి వచ్చి నిలబడింది. "మంచిదే అంటివి! నేను ఆ మాటనే పట్టుకోని ఉంటి!"

వాడు పైపును కాలితో తన్ని, వాకిలి చివరి దాకా పోయి, తిరిగి వచ్చాడు.

"సరే. ఇంగ యాడ పెట్టాల్నో అదన్నా సరిగా చెప్పు," అన్నాడు.

అరుగు మీద నుంచి ఇదంతా చూస్తున్న నాయన తల దించుకున్నాడు. ఆయన అనుకున్నదే జరిగింది. తమ్ముడు ఇంకా నన్నే అడుగుతున్నాడు. అది చూసి నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది.

ఇది జరిగి రెండేళ్ళు కావస్తోంది. గరుసు చేనిలో పెట్టిన చీనీ చెట్లు ఇప్పుడు నా నడుము ఎత్తు ఉన్నాయి. ఆకులు ముదురాకుపచ్చగా ఉన్నాయి. మూడో ఏడు, నాలుగో ఏడు ఏమవుతాయో నేను చెప్పలేను, చెప్పే తొందరా ఇప్పుడు నాకు లేదు. బీరువా మాత్రం ఇంట్లోనే ఉంది. తమ్ముడు బెంగళూరు ఊసు ఎత్తడం లేదు. తుమ్మల చేనిలో ఎండిన చీనీలను పీకేశాం, నాయన మళ్ళీ అక్కడే మంద పెడుతున్నాడు. పోయిన వానలకు పాదుల్లో తుమ్మ మొలకలు వచ్చాయి. తమ్ముడు వాటిని పీకలేదు, గొర్రెలు తొక్కకుండా నాలుగింటి చుట్టూ కంప నాటాడు. నా పుస్తకంలో ఆ రెండు పేజీలను చింపేయాలనుకుని చింపలేదు. వాటి పక్కన మంద అని ఒక్క మాట రాసి పెట్టాను.

తమ్ముడు అడిగిన ఆ పొద్దున నేను యాడ పెట్టాలో చెప్పలేదు. "గడ్డపార తే," అన్నాను.

ముగ్గురం గుట్ట వాలుకు, గరుసు చేనికి పోయాం. నాయన అలవాటుగా నా కొలత తాడు కూడా తెచ్చాడు. అక్కడ తంగేడు నా భుజం ఎత్తు పెరిగి ఉంది. గట్టు మీది వేప నాలుగు చెట్లంత నీడ పరిచి ఉంది. ఇన్నేళ్ళు ఆ చేనికి అడ్డంగా నడిచి పోయి, ఆ రాళ్ళనే చూశాను గానీ ఆ వేప ఎత్తును ఎన్నడూ పట్టించుకోలేదు. ఒకచోట నేనే తవ్వడం మొదలుపెట్టాను. రాళ్ళకు గడ్డపార జారి చేతులు బొబ్బలెక్కాయి. తమ్ముడు తాను తవ్వుతానంటే ఇవ్వలేదు. మోకాలి లోతు, ఎర్ర మట్టి. తొడ లోతు, ఎర్ర మట్టి, గులక రాళ్ళు. పక్కనున్న తంగేడు వేరు గుంత గోడలో నిలువుగా దిగిపోతూ కనిపించింది. నడుము లోతుకు వచ్చినా అది ఇంకా కిందికే పోతోంది. మట్టిని పిడికిట్లో నలిపి చూశాను, విడిచిపెడితే పొడిగా రాలిపోయింది. తెల్లదనం ఎక్కడా లేదు. అయినా నమ్మకం చాలక మరో మూడు చోట్ల తవ్వాను. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. తమ్ముడు వేప కింద కూర్చుని ఓపిగ్గా చూస్తూనే ఉన్నాడు.

నాలుగో గుంతలోంచి పైకి వచ్చాక వాడు లేచి నిలబడ్డాడు.

"ఏమక్కా, చెప్పు."

"ఈడ పెట్టు," అన్నాను.

అని, వెంటనే నాయన వైపు తిరిగాను. ఆయన తాడు కొస చేతిలో పట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పెదవుల వైపే చూస్తూ నిలబడ్డాను. గుంతలోకి ఒకసారి తొంగి చూశాడు, తంగేడు వేరును చూశాడు, బొబ్బలెక్కిన నా చేతులను చూశాడు. ఈసారి "ఆడనా?" అనలేదు.